జుట్టు బిళ్ల గురించి చిన్నాకి

బరంపురం,
మే నెల, మంగళవారం.



నువ్వు రోజూ పొద్దున్నే కాఫీ తాగాక వేసుకుంటున్నది జుట్టు బిళ్ల కాదు, బీపీ బిళ్ల. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇంత ఉత్తరం రాస్తున్నాను. వాట్సాప్‌లో పెడితే ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావని తెలుసు. కాగితం మీద ఉంటే రెండోసారైనా చదువుతావు. చదవకపోతే మీ అమ్మ చదివిస్తుంది.

మా అక్క, అదే మీ అమ్మ, చెప్పింది మొన్న, "వాడేవో విటమిన్లు మింగుతున్నాడే, జుట్టుకిట" అని. నిన్ను చూడ్డానికి హైదరాబాద్ వచ్చినప్పుడు నీ బల్ల మీద కనిపించాయట. అట్ట ఫోటో తీసి పంపించమన్నాను. వెనక వైపు రేకు మీద మినాక్సిడిల్ అని చిన్న అక్షరాల్లో ఉంది, 5 మిల్లీగ్రాములు. ఫోన్లో నాలుగు ప్రశ్నలకి జవాబు కొడితే ఇంటికే పంపించేశారని నువ్వు తర్వాత చెప్పావు. ఎవరూ నీ బీపీ చూడలేదు, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టలేదు, ఇంట్లో ఎవరికి ఏ జబ్బులున్నాయని అడగలేదు.

ఎవరికీ చెప్పకుండా తెప్పించుకున్నావంటే సిగ్గుపడ్డావన్నమాట. సిగ్గెందుకురా? మీ నాన్న వైపు మగపిల్లలకి ఆస్తి పంచినా పంచకపోయినా బట్టతల మాత్రం సమంగా పంచుతారు. మన ఊళ్లో పుట్టి 1969లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారి ఫోటో ఎక్కడైనా చూడు, నుదురు ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టం. ఆయనకేం తక్కువైంది? అయినా ఆ రోజులు వేరు, ఇప్పటి పెళ్లిచూపులు వేరు, నాకు తెలుసు. అమ్మాయి మేనమామ నీ మొహం వదిలేసి నీ పాపిడి చూస్తూ కూర్చున్నాడని అక్క చెప్పింది. నీ జుట్టు నీకు కావాలనిపించడం తప్పని నేననను. బిళ్ల పూర్తిగా మానెయ్యమని కూడా నేననడం లేదు. బీపీ మందు వేసుకునేవాడు ఎలా ఉంటాడో అలా ఉండు అంటున్నాను.

ఆ మందు పుట్టుక విను. అమెరికాలో అప్‌జాన్ కంపెనీ దాన్ని తయారు చేసినప్పుడు జుట్టు ఊసే ఎవరి మనసులోనూ లేదు. అది రక్తనాళాల్ని సడలించి బీపీని బలంగా దించుతుందని తేలాక ఆ దారిన పడ్డారు. 1970ల మొదట్లో కొలరాడోలో ఛార్ల్స్ చిడ్సీ అనే డాక్టరు బీపీ రోగులకి ఇచ్చి చూస్తుంటే వాళ్లకి అక్కర్లేని చోటల్లా వెంట్రుకలు రావడం మొదలెట్టాయి. అక్కడి చర్మవైద్యులిద్దరు, గుంటర్ కాన్, పాల్ గ్రాంట్, ఆ మందుని ద్రావణంగా కలిపి తమ చేతుల మీదే పూసుకుని చూశారు. పూసిన చోట వెంట్రుక వచ్చింది. ఆ తర్వాత పేటెంటు ఎవరిదనే గొడవ చాలా ఏళ్లు నడిచింది, అది మనకనవసరం. అక్కడి ప్రభుత్వ ఔషధ సంస్థ 1979లో బిళ్లకి అనుమతి ఇచ్చింది, అదీ వేరే మందులకి లొంగని తీవ్రమైన బీపీకి మాత్రమే. నెత్తికి రాసుకునే ద్రావణానికి బట్టతల మందుగా 1988లో ఇచ్చింది. జుట్టు కోసం బిళ్ల వేసుకోవడానికి ఇంతవరకూ ఆ సంస్థ అనుమతి లేదు. డాక్టర్లు తమ విచక్షణ మీద రాస్తున్నారు. ప్రపంచమంతా అలాగే రాస్తున్నారు, అందులో దొంగతనమేమీ లేదు. కానీ రాసే డాక్టరంటూ ఒకడుండాలి కదా.

నేను ఈ మందుని మొదట చూసింది నర్సుగా వార్డులో. మూడు రకాల బిళ్లలు వేసినా పై అంకె 200 దిగని కిడ్నీ రోగులకి ఇచ్చేవారు. ఒంటరిగా ఎప్పుడూ ఇచ్చేవారు కాదు. గుండె పరుగు ఆపడానికి ఒక మందు, మూత్రం ఎక్కువ పోవడానికి ఇంకొకటి, రెండూ దాని పక్కన కాపలా ఉండాల్సిందే. ఛత్రపురం నుంచి వచ్చిన ఒకావిడ గుర్తుంది. నెల తిరిగేసరికి బీపీ దారిలో పడింది. బుగ్గల మీద, కణతల మీద నల్లగా నూగు దట్టంగా వచ్చింది. కొంగు బుగ్గల మీదికి లాక్కుని మాట్లాడేది, అద్దం అడగడం మానేసింది. ఆ మోతాదులో బిళ్ల వేసుకునేవాళ్లలో నూటికి ఎనభై మందికి ఒంటి మీద వెంట్రుకలు పెరుగుతాయని మందు పత్రంలోనే ఉంది. మాకు అది దుష్ఫలితం. మీకిప్పుడు అదే ఫలం. మందు మారలేదు, అడిగేవాళ్లు మారారు.

లోపల ఏం చేస్తుందో చెప్తాను, అది అర్థమైతే మిగతాదంతా నీకే తడుతుంది. కడుపులోకి వెళ్లిన మినాక్సిడిల్‌ని కాలేయంలోనూ వెంట్రుక కుదుళ్లలోనూ ఉండే ఒక ఎంజైము మినాక్సిడిల్ సల్ఫేటుగా మారుస్తుంది. పని చేసేది అదే. సన్నటి ధమనుల గోడల్లో ఉండే కండరం దానికి సడలిపోతుంది. నాళం వెడల్పయితే బీపీ పడుతుంది. బీపీ పడిందని తెలియగానే ఒళ్లు ఊరుకోదు. ఇంకా వేగంగా కొట్టమని గుండెకి చెప్తుంది, ఉప్పునీ నీటినీ బయటికి పోనీయొద్దని మూత్రపిండాలకి చెప్తుంది. దడ, తలనొప్పి, కళ్ల కింద ఉబ్బు, పాదాల వాపు, ఉన్నట్టుండి పెరిగే బరువు, అన్నీ ఆ రెండు ఆజ్ఞల వల్లే. ఆ నీరు మితిమీరి గుండె చుట్టూ ఉండే పొరలో చేరితే గుండె విప్పారడానికి చోటు ఉండదు. అందుకే ఆ బిళ్ల పత్రం పైన నల్లటి గడి కట్టి హెచ్చరిక వేశారు. గుండె చుట్టూ నీరు చేరవచ్చు, ఉన్న గుండెనొప్పి ముదరవచ్చు అని. ఇంకో సంగతి, రక్తంలో ఆ మందు సగానికి తగ్గేది నాలుగు గంటల్లోనే అయినా బీపీ మీద దాని పని ఒక రోజు దాటి నడుస్తుంది. అందుకని ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకు.

ఇదంతా చదివి కంగారు పడకు. బీపీకి వాడినప్పుడు రోజుకి 10 నుంచి 40 మిల్లీగ్రాములు, అవసరమైతే 100 దాకా ఇచ్చేవారు. జుట్టుకి పావు మిల్లీగ్రాము నుంచి 5 దాకా. తేడా చాలా ఉంది. స్పెయిన్ డాక్టర్ల ఆధ్వర్యంలో 1,404 మంది రోగుల వివరాలు కూర్చి 2021లో ఒక పరిశీలన వచ్చింది. అక్కర్లేని చోట వెంట్రుకలు నూటికి 15 మందికి వచ్చాయి. కళ్లు తిరగడం 1.7 శాతం, నీరు పట్టడం 1.3 శాతం, గుండె దడ ఒక శాతం కూడా లేదు. ప్రాణం మీదికి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. తక్కువ మోతాదులో కూడా గుండె చుట్టూ నీరు చేరిన కేసులు వైద్య పత్రికల్లో అప్పుడొకటి ఇప్పుడొకటి వచ్చాయి గానీ అవి అరుదే. కాబట్టి ఇది విషం అని చెప్పేవాళ్ల మాట నమ్మకు.

అయితే ఆ 1,404 మందీ డాక్టరు ఎదురుగా కూర్చుని, అడిగినవాటికి జవాబు చెప్పి, నువ్వు వేసుకోవచ్చు అనిపించుకున్నవాళ్లు. నిన్నెవరు ఎంచారు? పైగా అనుభవం ఉన్న డాక్టర్లు మగవాళ్లకి మామూలుగా రెండున్నర మిల్లీగ్రాములతో, ఆడవాళ్లకి అందులో సగంతో మొదలెడతారు. నువ్వు మొదటి రోజే 5 మింగావు, అంటే మెట్లెక్కకుండా పైమెట్టు మీదికి దూకావు.

ఇప్పుడు అసలు భయం చెప్తాను. నీ గుండె గురించి నాకంత బెంగ లేదు, నీ మూత్రపిండాల గురించి ఉంది. నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా, బరంపురంలో చదువుకున్నా, నీ తల్లిదీ నాదీ పుట్టిల్లు కవిటి. ఉద్దానం. ఇచ్ఛాపురం దాటితే కొబ్బరితోటల మధ్య ఆ పల్లెలన్నీ ఎంత పచ్చగా ఉంటాయో చూశావు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఆ పక్క పలాస, ఏ ఊరికెళ్లినా ఏదో ఒక గడపలో కిడ్నీ జబ్బు మాట వినిపిస్తుంది. దేశదేశాల నుంచి వచ్చి నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, రక్తం తీసుకెళ్లారు. కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారంటే అక్కడి బాధ ఎంతదో ఊహించుకో.

ఆ జబ్బు గుణమేమిటంటే, చాలాకాలం పైకి కనపడదు. షుగరు ఉండదు, బీపీ మొదట్లో మామూలుగానే ఉంటుంది, కాళ్లు వాయవు. మనిషి తోటకెళ్తాడు, కాయ దింపుతాడు, సాయంత్రానికి కొంచెం నీరసం అంటాడు. మీ పెద్ద మావయ్య కూడా అంతే అన్నాడు, "ఎండకి కాస్త నీరసంగా ఉందే" అని. అప్పటికే క్రియాటినిన్ పెరిగిపోయి ఉంది. తర్వాత డయాలిసిస్‌కి సోంపేట తిరగడం నువ్వూ చూశావు.

మూత్రపిండాలు బాగా లేనివాళ్లకి ఈ మందు తక్కువ మోతాదులోనే ఎక్కువ పని చేస్తుంది. నీరు పోయే దారి సన్నబడి ఉంటుంది కాబట్టి గుండె చుట్టూ నీరు చేరే ప్రమాదమూ వాళ్లకే ఎక్కువ. పాత మందు పత్రంలో, డయాలిసిస్ లేనివాళ్లలోనే నూటికి సుమారు ముగ్గురికి అలా చేరిందనీ, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలో మరీ ఎక్కువనీ రాశారు. అవి పెద్ద మోతాదుల రోజులు, నిజమే. కానీ ఉద్దానం రక్తం ఒంట్లో ఉన్నవాడు క్రియాటినిన్ చూపించుకోకుండా ఈ బిళ్ల మింగడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అది మామూలు రక్తపరీక్ష. మీ వీధి చివర ల్యాబులో కూడా చేస్తారు. మూత్రంలో ప్రొటీను కూడా చూపించు, ఒకే రోజు అయిపోతుంది.

నీ గదిలో ఉండే కుర్రాడు కూడా నీ అట్టలోంచే వేసుకుంటున్నాడని చెప్పావు చూడు, అది విని నాకు ఒళ్లు మండింది. వాడి సంగతి నీకేం తెలుసు? మన వైపు చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ తర్వాత జ్వరం, కీళ్ల వాపులు వచ్చి తగ్గిపోయిన పిల్లల్లో కొందరికి గుండె కవాటం దెబ్బతిని ఉంటుంది. పాతికేళ్లు వచ్చినా తెలియదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందంటే జిమ్‌కి వెళ్లడం మానేశాను కదా అనుకుంటారు. ఎడమ వైపు కవాటం సన్నబడి ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెరిగినవాళ్లకి ఈ మందు పనికిరాదు. గుండె బలహీనమై నీరు పట్టేవాళ్లకి, ఇంతకుముందు గుండె పొరకి వాపు వచ్చినవాళ్లకి, అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ ఉన్నవాళ్లకి కూడా వద్దు. గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ వద్దు. ఈ సంగతులు ఏ అట్ట మీదా ఉండవు. అరచేతిలో రెండు బిళ్లలు పోసి "నువ్వూ ట్రై చెయ్" అనడానికి ఇదేమన్నా పిప్పరమెంటా?

ఆరోగ్యంగా ఉన్న ప్రతివాడికీ ముందే ఎకో తియ్యాలని డాక్టర్లు అనరు, ఆ ఖర్చు పెట్టించడం నా ఉద్దేశం కాదు. డాక్టరు నాడి చూసి, గుండె విని, బీపీ కూర్చోబెట్టి ఒకసారి, నించోబెట్టి ఒకసారి చూసి, ఏదైనా అనుమానం వస్తే ఈసీజీ, ఎకో రాస్తారు. అది వాళ్ల నిర్ణయం. నీకు మామూలు రోజుల్లోనే బీపీ తక్కువ, 100 దాటదు. అది కూడా చెప్పు.

డాక్టరు సరే అని బిళ్ల కొనసాగించమంటే ఇంట్లో చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పొద్దున్న లేవగానే, మంచం దిగకముందే, ఫోన్ ముట్టకముందే, మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు పెట్టి నిమిషం పాటు నాడి లెక్కపెట్టు. నీ మామూలు లెక్క ఎంతో ముందు తెలుసుకో. ఆ లెక్క మీద 20 పెరిగి అక్కడే నిలిచిందంటే డాక్టరుకి చెప్పాలి. బరువు ఒకే మిషను మీద, ఒకే వేళకి చూసుకో. నాలుగైదు రోజుల్లో రెండు కిలోలు పైన పెరిగితే అది బిర్యానీ కొవ్వు కాదు, నీరు.

కాలు చూసే పద్ధతి మేం కొత్త నర్సులకి నేర్పేవాళ్లం, నీకూ చెప్తాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి సాక్సు విప్పాక చూడాలి. మోకాలి కింద ముందువైపు ఎముక ఉంటుంది కదా, దాని మీద, చీలమండకి నాలుగు వేళ్లు పైన, బొటనవేలితో నొక్కి పది అంకెలు లెక్కపెట్టి వేలు తియ్యి. చర్మం వెంటనే పైకి లేస్తే బాగానే ఉంది. గుంట పడి, నెమ్మదిగా పూడుతూ కనిపిస్తే లోపల నీరుంది. సాక్సు అంచు గీత పడడం వేరు, అది అందరికీ పడుతుంది. మన గంజాంలో కాలు వాస్తే ముందు బోదకాలే అనుకుంటారు. ఈ తీరంలో అది పాత జబ్బు కాబట్టి అనుకోవడం సహజమే. కానీ బోదకాలు వాపు ఎక్కువగా ఒక కాలికి ముందు వస్తుంది, గట్టిపడుతుంది. మందు వల్ల వచ్చే వాపు రెండు కాళ్లకీ సమంగా ఉంటుంది, నొక్కితే గుంట పడుతుంది. సెలవులకి ఇక్కడికి వచ్చినప్పుడు కాలు వాస్తే ఎవరో ఏదో ఆకు కట్టమన్నారని కట్టుకుని కూర్చోకు.

పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవలసి వచ్చినా, ఛాతీలో నొప్పి, బరువు అనిపించినా, కళ్లు బైర్లు కమ్మి పడిపోయినా, బిళ్ల ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. గ్యాస్ అనుకుని సోడా తాగకు. మగవాళ్లంతా ఒకటే పాట, గ్యాస్, గ్యాస్.

ఉప్పు సంగతి. మనం ఉప్పు మనుషులం. హుమ్మా దగ్గర ఉప్పుమళ్లు చూస్తూ పెరిగావు. పప్పన్నంలోకి బరంపురం అప్పడం, పెరుగన్నంలోకి ఆవకాయ, ఆదివారం గోపాల్‌పూర్ ఎండుచేపలు లేకపోతే నీకు ముద్ద దిగదు. ఈ మందు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుందని చెప్పాను కదా, మరి దానికి నువ్వు చేతనిండా ఉప్పు అందిస్తే ఎలా? కొత్తావకాయ పెట్టాను, కారం బాగా కుదిరింది. నీ జాడీ నా దగ్గరే ఉంచుతున్నాను, నీ రిపోర్టులు చూశాక పంపిస్తాను. అప్పడాలు మాత్రం ఈసారి లేవు.

ఎండాకాలంలో ఇంకో చిక్కు. మన ఊళ్లో ఇప్పుడు నించుంటే చెమట, కూర్చుంటే చెమట. ఒంట్లో నీరు పోయి, పైగా ఈ బిళ్ల పడితే బీపీ ఇంకా కిందికి వస్తుంది. మంచం మీంచి చటాలున లేస్తే తల తిరుగుతుంది. కాసేపు కూర్చుని లేవాలి. శుక్రవారం రాత్రి పార్టీల్లో తాగేది కూడా నాళాల్ని వెడల్పు చేసేదే, రెండూ కలిస్తే పడిపోతావు. పెళ్లయ్యాక ఎవరి సలహా మీదైనా సిల్డెనాఫిల్ జోలికి వెళ్తే అదీ అంతే. పిన్ని ఇలాంటివి రాస్తుందేమిటని మొహం ఎర్రబడనక్కర్లేదు, వార్డులో ఇంతకన్నా చాలా విన్నాను. తలనొప్పి వస్తే పెయిన్ కిల్లరు కొనుక్కుని మింగే అలవాటు మానుకో. ఐబుప్రొఫెన్‌లాంటివి ఉప్పుని పట్టి ఉంచుతాయి, మూత్రపిండాల్ని తింటాయి. ఉద్దానం వాళ్లకి అవి అసలే పనికిరావు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది నీ సిగ్గు. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడిగితే జుట్టు బిళ్ల సంగతి చెప్పేవాళ్లు తక్కువ. అది మందుల లెక్కలోకి రాదనుకుంటారు, లేదా పక్కన భార్య ఉంటుంది, మావగారుంటారు, చెప్పలేరు. ఒక పాతికేళ్ల కుర్రాడు గుండె దడతో, కాళ్ల వాపుతో వచ్చాడనుకో, డాక్టరు థైరాయిడ్ వెతుకుతారు, కవాటాలు వెతుకుతారు, మూత్రపిండాలు వెతుకుతారు. ఈసీజీ తీస్తే టి తరంగం వేరేగా కనిపించవచ్చు. పెద్ద మోతాదుల్లో వాడిన రోజుల్లో నూటికి అరవై మందికి అలా మారేదని ఆ పత్రంలోనే ఉంది, చాలామందికి కొన్నాళ్లకి దానంతటదే సర్దుకునేది. ఆ మందు సంగతి తెలిసిన డాక్టరు ఆ కాగితాన్ని ఒకలా చదువుతారు, తెలియనివారు ఇంకోలా చదువుతారు. పంటి డాక్టరు దగ్గరికెళ్లినా, ఆపరేషనుకి మత్తు ఇచ్చే డాక్టరు అడిగినా, "మినాక్సిడిల్, రోజుకి ఇంత" అని చెప్పాలి. రేపు పెళ్లి చేసుకునే అమ్మాయికీ చెప్పు. బట్టతల దాచొచ్చు అనుకున్నా, నువ్వు కళ్లు తిరిగి పడ్డ రోజున అంబులెన్సు వాళ్లకి జవాబు చెప్పేది ఆమే.

నువ్వు లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటుంది. ఈ బిళ్ల ఆపితే వచ్చిన జుట్టు కొన్ని నెలల్లో మళ్లీ పోతుంది. అంటే ఇది ఏడాదికో రెండేళ్లకో తెమిలే సంగతి కాదు. ఇవాళ నీ గుండె కుర్రది. నలభై ఐదేళ్లకి నీ బీపీ ఎంతుంటుందో, షుగరు వస్తుందో రాదో, క్రియాటినిన్ ఎక్కడుంటుందో నాకూ తెలియదు, నీకూ తెలియదు. ఇరవై తొమ్మిదేళ్లకి సరిపోయిందని యాభైకి కూడా అదే మోతాదు వేసుకుంటూ పోతే కుదరదు. ఏటా ఒకసారి, నీ పుట్టినరోజు అని గుర్తుపెట్టుకో, ఈ పరీక్షలన్నీ మళ్లీ చేయించుకోవాలి. మొదటి నెలల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చని కూడా తెలుసుకో. పాత వెంట్రుకలు రాలి కొత్తవి వస్తాయి. అది చూసి కంగారులో మోతాదు నువ్వే పెంచేసుకునే రకం నువ్వు, అందుకే ముందే రాస్తున్నాను.

అసలు నెత్తికి రాసుకునే ద్రావణం ఎందుకు మానేశావు? జిడ్డుగా ఉంటుంది, దిండుకి అంటుకుంటుంది, దురద అన్నావట. అవి నిజమైన ఇబ్బందులే, కాదనను. కానీ రాసుకుంటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. బ్రెజిల్‌లో 90 మంది మగవాళ్ల మీద 24 వారాలు పోల్చి చూశారు. సగం మంది రోజూ 5 మిల్లీగ్రాముల బిళ్ల వేసుకున్నారు, సగం మంది 5 శాతం ద్రావణం రెండు పూటలా రాసుకున్నారు. బిళ్ల మెరుగని తేలలేదు. 2024లో అచ్చయింది అది. బిళ్ల గొప్పతనం సులువులోనే ఉంది. ఆ సులువు కోసం గుండెనీ మూత్రపిండాల్నీ మధ్యలోకి లాగాలా అన్నది నువ్వూ నీ డాక్టరూ కూర్చుని తేల్చుకోవాలి. నన్నడిగితే ద్రావణమే అంటాను, ముసలిదాని ఛాదస్తం అనుకో. మొగలి నూనె పంపించమని అక్క అడిగింది. గంజాం మొగలికి సాటి లేదు, వాసన గదంతా నిండుతుంది. పంపిస్తాను. దానికి వెంట్రుక మాత్రం మొలవదు.

ఎవరో ఫినాస్టెరైడ్ కూడా కలిపి వేసుకోమన్నారట. అది వేరే మందు, హార్మోను మీద పని చేస్తుంది, ఇలా నాళాల్ని సడలించదు. దాని చిక్కులు దానికున్నాయి. కోరిక తగ్గవచ్చు, మనసు కుంగవచ్చు. ఆత్మహత్య ఆలోచనలు దాని దుష్ఫలితమేనని 2025లో యూరప్ ఔషధ సంస్థ తేల్చింది. అది వేసుకుంటూ రక్తదానం చెయ్యకూడదు, ఆపాక కూడా నెల ఆగాలి. నువ్వు ఏటా రక్తం ఇస్తావు కాబట్టి చెప్తున్నాను. దాని గురించి కావాలంటే విడిగా ఫోన్ చెయ్యి.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. డాక్టరు చూసేదాకా బిళ్ల ఆపు. నాలుగు రోజులు ఆపితే నెత్తి ఊడి కింద పడదు. శనివారం నీకు సెలవే కదా, ముందు ల్యాబుకి వెళ్లి క్రియాటినిన్, మూత్రం పరీక్షలు ఇచ్చి, ఆ కాగితాలు పట్టుకుని జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లు. జుట్టు సంగతి తర్వాత చర్మ డాక్టరు చూస్తారు. అట్ట కూడా జేబులో పెట్టుకెళ్లు, పేరు నోటితో చెప్తే ఒకటి అనబోయి ఒకటి అంటావు. కవిటి సంగతి, పెద్ద మావయ్య సంగతి నువ్వే చెప్పాలి, హైదరాబాద్‌లో వాళ్లకి తెలియకపోవచ్చు. తక్కువ మోతాదు రాస్తే ఆ మోతాదు బిళ్లే అడిగి కొనుక్కో. 10 మిల్లీగ్రాముల బిళ్ల చవకని తెచ్చి కూరల కత్తితో నాలుగు ముక్కలు కొయ్యకు. ఒక ముక్క పెద్దది వస్తుంది, ఒకటి పొడైపోతుంది, ఏ రోజు ఎంత మింగావో నీకే తెలియదు.

రిపోర్టు రాగానే ఫోటో పంపు. అంకె పక్కన ల్యాబు వాళ్లు వేసిన గుర్తులు చూసి నువ్వే అర్థం చెప్పుకోవద్దు. ఆ సంబంధం వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే నాకివ్వమను అక్కని, మేనమామగారితో నేను మాట్లాడతాను.

ఇట్లు,
పిన్ని.

తా.క. మీ గదిలో పిల్లిని పెంచుతున్నారని విన్నాను. మినాక్సిడిల్ పిల్లులకి ప్రాణాంతకం, నెత్తికి రాసుకున్న ద్రావణం దిండు మీంచి నాకినా చాలు. పసిపిల్లలకీ అంతే జాగ్రత్త కావాలి. 2019లో స్పెయిన్‌లో కడుపు మందులో పొరపాటున మినాక్సిడిల్ కలిసిపోయి పదిహేను మందికి పైగా పసికందులకి ఒళ్లంతా వెంట్రుకలు వచ్చాయి. మీ పక్కింటి పాప నీ గదికి వస్తూ పోతూ ఉంటుందని అక్క చెప్పింది. అట్ట బల్ల మీంచి తీసి, బీరువా పై అరలో పెట్టు.